అమ్మా, రానీ

"అమ్మా, రానీ. రానీ... రానీ... కుడికి కొట్టు. ఇంకొంచెం. రానీ... అమ్మా, ఆపు."

లారీ ఆగింది. వెనక తలుపుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య జానెడు సందు మిగిలింది. హమాలీలు ఆ సందు మీద పలక వేసి పెట్టెలు దించడం మొదలుపెట్టారు.

పిడుగు ప్లాట్‌ఫారం మూలన, పసుపు గీతకు ఇవతల, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. స్కూలు బ్యాగు ఇంకా భుజానే ఉంది. ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది గానీ, హాజరు పిలిచేటప్పుడు టీచరు తప్ప దాన్ని ఎవరూ వాడరు. నోరు అలాంటిది మరి. యార్డులో అరిస్తే గోడౌను రేకుల మీది పావురాలు లేచిపోతాయి.

ఆ లారీ నడిపేది వాళ్లమ్మ. పది టైర్ల బండి. ఓనరు ఈమధ్యే కొన్న కొత్త మోడలు. బండి రాగానే తాళం చెవి తెచ్చి అమ్మ చేతిలోనే పెట్టాడు. ఆ రోజు అమ్మ నవ్వు చూడాలి.

ఆ యార్డులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం అయ్యేసరికి నాలుగైదు బండ్లు ఒకేసారి వెనక్కి వస్తుంటాయి. అందరూ "రానీ, రానీ" అనే అరుస్తారు. ఎవరి "రానీ" ఎవరికో ఎలా తెలుస్తుంది? అందుకని ముందు డ్రైవరును పిలవాలి. "గురువుగారూ, రానీ" అంటే పెద్ద డ్రైవరు బండి కదులుతుంది. "బాబాయ్, రానీ" అంటే ఆ పక్క బండి. "అమ్మా, రానీ" అంటే అమ్మ బండి. తన పిలుపు వినపడందే ఎవరూ బ్రేకు మీంచి కాలు తీయకూడదు. పక్కవాళ్ల పిలుపుకు కదిలితే వెనకున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఈ విషయంలో అమ్మ దగ్గర ఆటలు సాగవు.

అమ్మ ఓనరు గదిలోకి వెళ్లింది. అప్పుడే గేటు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. మెడలో చిన్న కెమెరా, కాళ్లకు మెరిసిపోయే షూలు. యార్డులోని గ్రీజు అంటకుండా కొంగలా ఎత్తి ఎత్తి అడుగులు వేస్తున్నాడు.

"పాపా, ఇందాక రోడ్డు మీదికి వినపడింది. ఆ అరిచింది నువ్వేనా?"

"అరవలేదు అంకుల్. బండి పెట్టించాను."

ఆయన నవ్వాడు. తాను యాడ్లు తీసే డైరెక్టరునని చెప్పాడు. ఈ కొత్త లారీ కంపెనీకే ఒక యాడ్ తీయాలట. అందులో లారీ వెనక్కి వస్తుంటే ఒక పాప దారి చెప్తుంది. బండి ఆగాక కెమెరా వైపు తిరిగి, "మా నాన్న మొనగాడు" అంటుంది. అప్పుడు కింద అక్షరాలు పడతాయి: 'మొనగాడికే ఈ బండి'.

"నీ గొంతు దానికి సరిగ్గా సరిపోతుంది. చేస్తావా?"

"టీవీలో వస్తుందా అంకుల్?"

"టీవీలో వస్తుంది, ఫోన్లలో వస్తుంది, రోడ్ల మీద నీ బొమ్మ ఇంత పెద్దది పెడతారు."

పిడుగు కాళ్లు నేల మీద నిలవలేదు.

"ఇంతకీ ఈ బండి మీ నాన్నే కదా నడిపేది?"

నాలుక చివరికి 'అమ్మ' అనే మాట వచ్చింది. వచ్చి ఆగింది. అమ్మ అంటే ఈయన వేరే పాపను వెతుక్కుంటాడేమో. యాడ్‌లో ఉన్నది నాన్న కదా.

"ఊఁ," అంది పిడుగు. అంత గొంతున్న పిల్ల నోట్లోంచి అంత చిన్న మాట ఎప్పుడూ రాలేదు.

"నాన్నా, రానీ అని పిలుస్తావు కదూ?"

"పిలుస్తాను."

ఆయన ఓనరు గదివైపు వెళ్లాడు.

*

అమ్మా పిడుగూ ఇంటికి వచ్చారు. నాన్న కిటికీ పక్కన మిషను మీద స్కూలు యూనిఫాంలు కుడుతున్నాడు. నాయనమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. పిడుగు ఆగలేక సంగతంతా గడగడా చెప్పేసింది, ఒక్క 'ఊఁ' తప్ప.

ఆ మిగిలింది అమ్మ చెప్పింది. "ఓనరు దగ్గర విన్నాను. బండి వాళ్ల నాన్న నడుపుతాడని పాప చెప్పిందన్నారు ఆ డైరెక్టరు గారు."

నాన్న మిషను ఆపాడు. "నేనా? నాకు సైకిలెక్కితేనే కళ్లు తిరుగుతాయి."

"యాడే కదమ్మా, నిజం కాదు కదా," అంది పిడుగు. "టీవీలో ఎక్కడైనా అమ్మలు లారీ నడుపుతారా?"

అందరూ టీవీ వైపు చూశారు. ఒక కారు వస్తోంది. స్టీరింగు ముందు నల్లకళ్లద్దాల మనిషి. పక్క సీట్లో ఒకావిడ జుట్టు ఎగరేసుకుంటూ ఊరికే నవ్వుతోంది.

"దీనికి పాపం ఎప్పుడూ పక్క సీటే," అంది నాయనమ్మ. "ఆ జుట్టు కళ్లలో పడదూ?"

తర్వాత మోటారుసైకిలు వచ్చింది. ఒకడు దాని మీద వాగు దాటేశాడు. ఒడ్డున ఒక అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఆ నోట్లో ఈగలు దూరతాయే," అంది నాయనమ్మ.

పిడుగు కిసుక్కుమంది. అమ్మ నవ్వలేదు.

"నేను హెవీ లైసెన్సు టెస్టుకు వెళ్లినప్పుడు, అక్కడున్నాయన నా వెనక్కి తొంగి చూసి, 'మీ ఆయన ఏడమ్మా' అన్నాడు. నేనే వచ్చానన్నా వినిపించుకోడు. ఎన్నిసార్లు తిప్పాడో మీ నాన్ననడుగు. పోనీలే, ఆయన ఈ యాడ్లు చూసి పెరిగాడు. నువ్వు అలా కాదుగా. నువ్వు నన్ను చూసి పెరిగావు."

పిడుగు నేల మీది దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది.

"మరి యాడ్ వద్దంటావా?" అన్నాడు నాన్న.

"యాడ్‌లో నాన్న వేషం వేసే హీరోకు లారీ నడపడం రాదట. దూరం నుంచి తీసేటప్పుడు బండి నన్నే నడపమన్నారు. నాకు టోపీ, మీసం పెడతారట. కొత్త బండి ఎవడో నడిపి గీతలు పెడితే నేను చూస్తూ ఊరుకోను. అందుకే నేనే నడుపుతానన్నాను."

"మీసమా?" నాయనమ్మ ఇటు తిరిగింది. "మీసంతోనే మొనగాడైపోతే మన వీధి పిల్లి ఎప్పుడో పులయ్యేది."

"పిల్ల ఏమని పిలుస్తుందో అది దాని ఇష్టం," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడ్చి ఊరుకోవచ్చు. అమ్మ తిట్టలేదు. పిడుగుకు అదే కష్టంగా ఉంది.

కష్టంగా ఉంటే ఉంది గానీ, టీవీ టీవీయే. మర్నాడు క్లాసులో బ్యాగు దించకముందే చెప్పేసింది. అందరూ చుట్టూ మూగారు. పక్క బెంచీ లంబూ, "మీ నాన్న లారీ డ్రైవరా? ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"ఊఁ," అంది పిడుగు.

రెండో 'ఊఁ' మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది. అబద్ధాలతో వచ్చిన చిక్కే అది. అలవాటు పడితే నోటికి బరువే ఉండదు.

*

సెలవు రోజు పొద్దున్నే యార్డంతా హడావిడిగా ఉంది. దీపాలు, గొడుగులు, వైర్లు. హమాలీలు తలలు దువ్వుకుని మరీ వచ్చారు, కెమెరాలో ఏ మూలనైనా పడకపోతామా అని. ఓనరు ఇస్త్రీ చొక్కాతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

హీరో మంచివాడే. గుబురు మీసం, ఎత్తైన మనిషి. లారీ టైరు పక్కన నిలబడి దాన్ని భయంభయంగా చూస్తున్నాడు. "నాకు కారే అంతంత మాత్రం పాపా," అని పిడుగు చెవిలో చెప్పాడు.

అమ్మకు ఖాకీ చొక్కా తొడిగారు. మేకప్ మనిషి మీసం అతికించాడు. అమ్మ లారీ అద్దంలో చూసుకుని, "అచ్చం మా తాతలా ఉన్నాను," అంది. హమాలీలు పగలబడి నవ్వారు. పిడుగూ నవ్వింది. తర్వాత మేకప్ మనిషి అమ్మ జడను చుట్టచుట్టి కాలరులోకి దోపి, పైన టోపీ పెట్టాడు. అప్పుడు అమ్మ కనపడలేదు. ఎవరో డ్రైవరు నిలబడి ఉన్నాడు, అంతే. పిడుగు నవ్వు ఆగిపోయింది.

"ముందు స్టీరింగు మీది చేతుల షాటు తీద్దాం," అన్నాడు డైరెక్టరు.

అమ్మ బండెక్కబోయింది.

"మీరు కాదమ్మా. చేతులు దగ్గరగా కనపడతాయి. హీరో చేతులు పెడదాం."

హీరో ఎక్కాడు. ఇంజను ఆపి ఉన్న బండిలో కూర్చుని, గాలివానలో పోతున్నంత కష్టంగా మొహం పెట్టి స్టీరింగు తిప్పాడు. అందరూ బాగుందన్నారు. అమ్మ కిందే నిలబడింది. గేరు రాడ్డు పట్టుకుని పట్టుకుని ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆమె చొక్కా జేబుల్లో దాచుకుంది.

పిడుగు అది చూసింది. చేతులు కూడా పనికిరావా? పోయిన వానలో బురదలో దిగబడిన బండిని బయటికి లాగింది ఆ చేతులు కావూ?

ఇప్పుడు అసలు షాటు. అమ్మ బండెక్కింది. ఇంజను గుర్రుమంది. పిడుగు తన మూలన నిలబడింది. డైరెక్టరు చెయ్యి ఊపాడు.

"నాన్నా, రానీ," అంది పిడుగు.

లారీ కదల్లేదు.

"ఇంకాస్త గట్టిగా పాపా."

"నాన్నా, రానీ. రానీ."

పావురాలు లేచాయి. లారీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది.

డైరెక్టరు పరుగున వెళ్లి కిటికీ కింద నిలబడ్డాడు. "ఏమ్మా, కదలరేం?"

మీసం మొహం బయటికి వచ్చింది. "నన్నెవరూ పిలవలేదు సార్."

"అదేంటమ్మా, పాప పిలుస్తోంది కదా."

"నాన్నను పిలుస్తోంది. ఆయన ఇంట్లో యూనిఫాంలు కుడుతున్నారు."

హమాలీలు గొల్లున నవ్వారు. ఓనరుకు కోపం వచ్చింది. పెద్ద డ్రైవరు గోడ దగ్గర నుంచి లేచి వచ్చాడు. "ఇది మా యార్డు పద్ధతి సార్. తన పిలుపు కాకపోతే ఆవిడ కదలదు. కదిలితే మేమే ఒప్పుకోం."

డైరెక్టరు తల గోక్కుని పిడుగు దగ్గరికి వచ్చాడు. "సరే పాపా. ఆవిడ చాదస్తం ఆవిడది. నువ్వు అమ్మా అనే పిలు. తర్వాత డబ్బింగులో నాన్నా అని పెట్టేస్తాం."

"అంటే?"

"నీ పెదాలు కదిలినట్టే సరిపెట్టి వేరే గొంతు అతికిస్తాం. చూసేవాళ్లకు నువ్వు నాన్నా అన్నట్టే ఉంటుంది."

చూశారా ఎంత తేలికో. అమ్మకు అమ్మా అని వినపడుతుంది. టీవీ వాళ్లకు నాన్నా అని వినపడుతుంది. పిడుగు బొమ్మ రోడ్డు మీద ఇంత పెద్దది పడుతుంది. ఎవరికీ నష్టం లేదు.

పిడుగు లారీ అద్దం వైపు చూసింది. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. దాని పైన అమ్మ కళ్లు. వాటిలో కోపం లేదు. రోజూలాగే పిడుగు మీదే ఉన్నాయి, పిలుపు కోసం. ఆ చూపుకు పిడుగు సిగ్గుతో కుంచించుకుపోయింది. ఇంత పెద్ద బండిని వెనక చూడకుండా తన మాటే నమ్మి తెచ్చే మనిషిని తాను 'ఊఁ' అనే ఒక్క మాటతో బండిలోంచి దింపేసింది. ఇప్పుడు మళ్లీ దింపాలా?

పిడుగు నెమ్మదిగా "నాన్నా" అనుకుంది, పెదాల మీద వేలు పెట్టుకుని. పెదాలు తెరుచుకునే ఉన్నాయి. "అమ్మా" అనుకుంది. పెదాలు మూసుకున్నాయి. ఇంకోసారి అనుకుని చూసింది. సందేహం లేదు.

"అంకుల్, కెమెరా బాగా దగ్గరికి తెస్తారా? నా మొహం పెద్దగా కనపడాలి."

"అదీ మాట," అన్నాడు డైరెక్టరు. కెమెరా ముక్కు దగ్గరికి వచ్చింది.

"అమ్మ్... మ్... మ్... మ్మా, రానీ."

పెదాలు రెండూ జిగురు పెట్టినట్టు బిగించి, బుగ్గలు ఉబ్బేదాకా పట్టి వదిలింది. లారీ కదిలింది.

"అమ్మ్... మ్మా, కుడికి. అమ్మ్... మ్మా, ఇంకొంచెం. అమ్మ్... మ్మా, నిదానంగా. అమ్మ్... మ్మా, ఆపు."

ఊపిరి తీసినచోటల్లా అమ్మను పిలిచింది. సూదిలోకి దారం ఎక్కినట్టు బండి వచ్చి ప్లాట్‌ఫారం ముందు ఆగింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

"అద్భుతం. ఇప్పుడు ఇటు తిరిగి చివరి మాట చెప్పు."

పిడుగు కెమెరా కళ్లలోకి చూసింది. "ఈ బండి నడిపేది మా అమ్మ్... మ్మ."

కెమెరా మనిషి తీసినదాన్ని వెనక్కి తిప్పి చూసుకుని, నవ్వు ఆపుకుంటూ, "సార్, ప్రతిసారీ పెదాలు మూసేసింది. దీని మీద నాన్నా అంటే అస్సలు అతకదు," అన్నాడు.

డైరెక్టరు పిడుగు ముందు గొంతుక్కూర్చున్నాడు. "కావాలనే చేశావా?"

"అవునంకుల్."

"చూడు పాపా, ఒక్కసారి నాన్నా అను చాలు. లేకపోతే వేరే యార్డు చూసుకుంటాం, వేరే పాపను తెచ్చుకుంటాం. నువ్వు టీవీలో రావు. ఆలోచించుకో."

పిడుగుకు ఏడుపు ముంచుకొచ్చింది. టీవీలో రావాలని ఎంత ఉందో ఆ పిల్లకే తెలుసు. ఏడుపును మింగింది.

"తెచ్చుకోండి అంకుల్. ఆ రోజు మీరు అడిగితే నేను ఊఁ అన్నాను. అది అబద్ధం. మా నాన్న చాలా మంచోడు, కానీ ఈ బండి ఎప్పుడూ ఎక్కలేదు. అమ్మ నడుపుతుంటే నాన్నా అని నేను పిలవను. మీరు అతికించినా ఒప్పుకోను."

లారీ తలుపు తెరుచుకుంది. అమ్మ దిగింది. టోపీ తీసింది, జడ బయటికి లాగింది, మీసం పీకి హీరో చేతిలో పెట్టింది.

"ఇది మీది."

"నాదీ అతికించిందేనమ్మా," అన్నాడు హీరో తన మీసం సవరించుకుంటూ.

ఓనరు ఏదో అనబోయాడు. "లోడు దించే వేళయింది సార్," అంది అమ్మ. ఇంకేమంటాడు? పావుగంటలో దీపాలూ గొడుగులూ వ్యానెక్కాయి.

అమ్మ పిడుగు పక్కన, ప్లాట్‌ఫారం అంచు మీద కూర్చుంది. "టీవీ పోయిందే నీకు."

"పోయింది," అంది పిడుగు. ఇక ఆపుకోలేక అమ్మ ఖాకీ చొక్కాలో మొహం దాచుకుని బావురుమంది. అమ్మ వద్దనలేదు. కాయలు కాసిన చేత్తో వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

*

మర్నాడు స్కూలుకు వెళ్తూ పిడుగు ఒక జవాబు తయారు చేసుకుంది. కెమెరా పాడైందని చెప్తే సరిపోతుంది. ఎవరూ అడగరు, ఎవరూ నవ్వరు.

క్లాసులో అడుగు పెట్టగానే అందరూ మీద పడ్డారు. "ఎప్పుడొస్తావు టీవీలో? ఏ చానెల్లో?" గొడవ విని టీచరు కూడా పుస్తకం మూసి చూశారు.

కెమెరా పాడైంది అనడానికి నోరు తెరిచింది. లంబూ ఇంకా ముందుకు వచ్చి, "మీ నాన్న కూడా కనపడతాడా?" అన్నాడు.

పిడుగు బ్యాగు దించి బెంచీ మీద పెట్టింది.

"నేను టీవీలో రాను. మా నాన్న లారీ డ్రైవరు కాదు, టెయిలరు. నీకు మొన్న ఊఁ అని అబద్ధం చెప్పాను. లారీ నడిపేది మా అమ్మ. పది టైర్ల లారీ. యాడ్ వాళ్లకు నాన్న కావాలట. నేను అమ్మనే పిలిచాను. వెళ్లిపోయారు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పిడుగు అటు తిరిగి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగింది.

లంబూ నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "ఆడవాళ్లు అంత పెద్ద లారీ నడుపుతారా? టీవీలో నేనెప్పుడూ చూడలేదే."

"టీవీలో దొరకదు," అంది పిడుగు. "సాయంత్రం యార్డు గేటు దగ్గరికి రా."